సొంత చిరునామాలో తెలుగు బ్లాగు: పర్లాకిమిడి నుంచి తొమ్మిదేళ్ళ వాడకం తర్వాత

ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో ఉంటూ 2016 జనవరి నుంచి నేను తెలుగులో వ్యక్తిగత బ్లాగు రాస్తున్నాను. మొదటి ఏడాదిన్నర ఒక ఉచిత సేవలో నడిపాను. ఆ తర్వాత నుంచి నేటి వరకు సొంత డొమైను (కొనుక్కున్న వెబ్ చిరునామా) మీద, బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేరు వర్డ్‌ప్రెస్‌తో నడుపుతున్నాను. కొత్తగా మొదలుపెట్టదలచినవారికి, అందులోనూ సరిహద్దుకు ఇవతల ఉండి తెలుగులో రాసేవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మరెక్కడా దొరకని మన ఊరి విషయం కోసమే పాఠకులు వస్తారు. ఆ విషయం ఏళ్ళ తరబడి అదే చిరునామాలో దొరికేలా చూడటం సాఫ్ట్‌వేరు బాధ్యత. ఆ పరీక్షలో వర్డ్‌ప్రెస్ నెగ్గింది. హోస్టింగ్ (బ్లాగు ఫైళ్ళు దాచడానికి అద్దెకు తీసుకునే చోటు) విషయంలో మాత్రం నాకు ఒక చేదు అనుభవం ఉంది.

మొదట్లో నేను అందరూ రాసేవే రాశాను. ఎన్నికల మీద వ్యాఖ్యానం, పరీక్షలకు ఎలా చదవాలన్న సలహాలు, చూసిన సినిమాల ముచ్చట్లు. ఆ ఏడాది రోజుకు పదిమంది చదివితే గొప్ప, వారిలో సగం మంది మా బంధువులు. మార్పు ఒక్క టపాతో వచ్చింది. రాజావారు వేయించిన పర్లాకిమిడి లైట్ రైల్వే గురించి, అంటే 1900లో నౌపడా నుంచి మా ఊరి వరకు, 1931 నాటికి గుణుపురం వరకు నడిచి, బ్రాడ్‌గేజి పనుల కోసం 2004లో ఆగిపోయిన ఆ రెండున్నర అడుగుల గేజి బండి గురించి, చిన్నప్పుడు ఎక్కిన జ్ఞాపకాలతో ఒక పెద్ద టపా రాశాను. మూడు వారాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒక రాత్రి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "టపా బాగుంది బాబూ, కానీ ఆ మూడో ఫొటో పర్లాకిమిడి స్టేషన్‌ది కాదు, కాశీనగరంది. మా నాన్నగారు ఆ లైనులో గార్డు, నేను ఆ ప్లాట్‌ఫారం మీదే ఆడుకున్నాను" అన్నారు. ఆ రాత్రే ఫొటో కింది వాక్యాన్ని సరిదిద్ది, సవరణ జరిగిందని, ఎవరు చెబితే జరిగిందో పేరు లేకుండా తెలియజేస్తూ టపా చివర ఒక వాక్యం చేర్చాను. ఆ లంకెను ఆయనే తన బంధువులందరికీ పంపారు. తప్పును బాహాటంగా సరిదిద్దుకున్న ఆ టపాయే ఇప్పటికీ నా బ్లాగులో ఎక్కువమంది చదివేది.

పాఠకులు గూగుల్ ద్వారా ఎలా వస్తున్నారో గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అనే ఉపకరణంలో చూడటం మొదలుపెట్టాక నా రాత పద్ధతి మారింది. మా ఊరి పేరే అందుకు ఉదాహరణ. తెలుగువాళ్ళం పర్లాకిమిడి అంటాము. ప్రభుత్వ కాగితాల్లో పారలాఖెముండి అని ఉంటుంది. సూరత్‌లో పనిచేసే మావాళ్ళు తెలుగునే ఆంగ్ల లిపిలో నాలుగు రకాలుగా టైపు చేస్తారు. ఈ రూపాల్లో ఒక్కటి మాత్రమే టపాలో ఉంటే మిగతా పేర్లతో వెతికేవారికి ఆ టపా కనబడకపోవచ్చు. అందుకే ఇప్పుడు ప్రతి టపా మొదటి పేరాలో ఊరి పేరును తెలుగువారు పలికే తీరులోనూ, అధికారిక రూపంలోనూ సహజంగా ఇమిడేటట్లు రాస్తున్నాను. ఫొటోల వివరణలో ఆంగ్ల, ఒడియా లిపుల్లో కూడా ఇస్తున్నాను. గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం నుంచి రాసేవారందరికీ ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే మన ప్రతి ఊరికీ కనీసం రెండు పేర్లున్నాయి.

వర్డ్‌ప్రెస్‌లో తెలుగులో రాసేవారు మొదటి రోజే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా చెబుతాను. టపాకు తెలుగులో శీర్షిక పెట్టగానే దాని వెబ్ చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. బ్రౌజరులో అది ముచ్చటగా కనిపిస్తుంది. కానీ దాన్ని వాట్సాప్‌లో అతికించినప్పుడు చాలాసార్లు శాతం గుర్తులూ అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి గొలుసుగా మారిపోతుంది. ఒక్కో తెలుగు సంకేతం, అంటే అక్షరమైనా గుణింతపు గుర్తయినా, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు తీసుకుంటుంది. చిరునామాలో ఒక్కో బైటును రాయడానికి మూడు స్థానాలు పడతాయి. అంటే ఒక్క సంకేతానికి తొమ్మిది స్థానాలు. వర్డ్‌ప్రెస్ ఈ భాగానికి ఇచ్చే చోటు 200 స్థానాలు, కాబట్టి ఇరవై రెండు సంకేతాలు దాటగానే శీర్షిక మధ్యలో తెగిపోతుంది. నా తొలి టపాల్లో ఒకదాని చిరునామా మహేంద్రతనయ నది పేరు సగంలో ఆగిపోయి నేటికీ అలాగే ఉంది. అందుచేత ప్రచురించే ముందే చిరునామాను ఆంగ్ల అక్షరాల్లో రెండు మూడు పొట్టి మాటలుగా చేతితో మార్చుకోవాలి. ఈ పని అర నిమిషంలో అయిపోతుంది.

అక్షరాల అందం గురించి కూడా ఒక మాట. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి ఫాంటు తెలుగు వచనానికి హాయిగా ఉంటుంది. అయితే ఆంగ్లం కోసం తయారైన థీముల్లో (బ్లాగు రూపాన్ని నిర్ణయించే అచ్చుల్లో) వరుసల మధ్య ఎడం తక్కువగా ఉంటుంది కనుక ఒత్తులు కింది వరుసకు తగులుతాయి. వరుస ఎత్తును (లైన్ హైట్) అక్షర పరిమాణానికి 1.7 రెట్లు లేదా అంతకు పైగా పెట్టుకుంటే చదివేవారి కళ్ళు అలసిపోవు. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0 వెర్షన్‌తో వచ్చిన, పేరాలూ ఫొటోలూ విడివిడి బ్లాకులుగా పేర్చే బ్లాకు ఎడిటరు మొదటి వారం చిరాకు పెట్టింది, తర్వాత అలవాటైంది. సావనీర్ల నుంచి పాత వ్యాసాలు తెచ్చుకునేవారు మాత్రం ఒకటి గమనించాలి. డీటీపీ దుకాణంలో యూనికోడ్ కాని ఫాంట్లతో కొట్టిన పాఠం అతికిస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాలే వస్తాయి. మార్పిడి ఉపకరణంతో మార్చినా వత్తులూ సున్నలూ ఒక్కొక్కటే సరిచూసుకోక తప్పదు.

మా ప్రాంతంలో పాఠకులను కూడగట్టడంలో అసలు కష్టం లిపి దగ్గర ఉంది. మా పిల్లలు ఒడియా మాధ్యమంలోనో ఆంగ్ల మాధ్యమంలోనో చదువుతారు. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు, కానీ తెలుగు చదవడం వచ్చినవారు తక్కువ. నా సొంత మేనకోడలు "మావయ్యా, నువ్వు రాసింది అమ్మ చదివి వినిపిస్తేనే నాకు తెలుస్తోంది" అన్నప్పుడు నాకు మనసు కలుక్కుమంది. ఆ తర్వాతే ప్రతి టపాకు నా గొంతుతో చదివిన ఆడియో జోడించడం మొదలుపెట్టాను. మోనోలో 64 కేబీపీఎస్ వేగంతో రికార్డు చేస్తే పది నిమిషాల పాఠం ఐదు ఎంబీ లోపే ఉంటుంది, కొండ ఊళ్ళలోని బలహీనమైన సిగ్నలు మీద కూడా నడుస్తుంది. సూరత్ మిల్లుల్లో పనిచేసే మావాళ్ళు వంట చేసుకుంటూ వింటున్నామని చెబుతారు. తొమ్మిదేళ్ళలో నేను చేసిన మార్పులన్నిటిలో పాఠకులను నిలబెట్టింది ఇదేనని నా నమ్మకం.

కొత్త టపా సంగతి తెలియజేయడానికి ఈమెయిలు మా వాళ్ళకు అక్కరకు రాలేదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడుతున్నాను. ఒక జాబితాలో 256 మందికి మించి పట్టరు, పైగా మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికి మాత్రమే సందేశం చేరుతుంది. ఈ నియమం మేలే చేసింది, ఎందుకంటే జాబితాలో ఉన్నవారందరూ కోరి చేరినవారే.

ఒక్కసారి వచ్చిపడే జనాన్ని చూసి ఆశ పెంచుకోకూడదని 2018 అక్టోబరులో తెలిసింది. తిత్లీ తుఫాను అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను అతలాకుతలం చేసింది. కరెంటు లేదు, టవర్లు పడిపోయాయి. నేను సరిహద్దు అవతల ఉన్న పాతపట్నం వెళ్ళి ఫోను చార్జి చేసుకుని, ఏ దారి తెరిచి ఉందో, ఏ ఊరికి కబురు అందిందో కళ్ళారా చూసినంత వరకు రాశాను. దూరాన ఉన్నవారు తమ ఇంటివాళ్ళ క్షేమం కోసం ఆ పేజీని రాత్రంతా తెరిచి చూసుకున్నారు. నెల తిరిగేసరికి ఆ జనంలో చాలామంది మళ్ళీ రాలేదు, రావలసిన పని కూడా లేదు. ఆ నాలుగు రోజులు రాసినందుకు నాకు ఎంతో తృప్తిగా ఉంది, కానీ దాన్ని పాఠకుల పెరుగుదలగా లెక్కవేసుకోను. ఏటా ఆగస్టు 29కి ముందు వారం వచ్చే పాఠకులు అలాంటివారు కారు. మా ఊళ్ళో ఉపాధ్యాయుడిగా పనిచేసి, సవర భాష నేర్చుకుని, వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి అది. ఉపన్యాసం తయారుచేసుకునే పిల్లలు ప్రతి ఏడాదీ వస్తారు, వాళ్ళలో కొందరు రైలు టపా వరకు వెళ్ళి ఉండిపోతారు.

ఇక చేదు అనుభవం. 2021లో నా హోస్టింగ్ సంస్థ పంపిన రెన్యువల్ హెచ్చరికలు నేను వాడటం మానేసిన పాత ఈమెయిలుకు వెళ్ళాయి. గడువు దాటాక ఖాతా మూసివేశారు, ఎంత బతిమాలినా ఫైళ్ళు తిరిగి ఇవ్వలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో నా టపాల పాఠం చాలావరకు దొరికింది, ఒక్కొక్కటీ అతికించుకుని నలభై రోజుల్లో నిలబెట్టాను. కొమ్ముతో దువ్వెనలూ బొమ్మలూ చెక్కే మా ఊరి పనివారి దుకాణాల్లో తీసిన ఫొటోలు మాత్రం పోయాయి. ఆ పనివారిలో ఒకాయన ఇప్పుడు లేరు. ఆ తప్పులో నా వాటా పెద్దదే, ఎందుకంటే వర్డ్‌ప్రెస్‌లో ఎగుమతి మీట ఎప్పుడూ ఉంది, నేను నొక్కలేదు.

ఖర్చు విషయానికొస్తే, హోస్టింగ్ కొనేటప్పుడు మొదటి ఏడాది రాయితీ ధరను పక్కనపెట్టి రెండో ఏడాది ఎంత కట్టాలో చూడాలి. ప్రకటనల ఆదాయం మీద ఆశ పెట్టుకోవద్దు. గూగుల్ వారి ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగును అంగీకరిస్తోంది గానీ, చెల్లింపుకు కావలసిన వంద డాలర్లు నా బ్లాగులో ఇప్పటికీ జమ కాలేదు. సాంకేతికంగా చేయి తిరగనివారు ఉచిత సేవలో మొదలుపెట్టడంలో తప్పులేదు, కానీ డొమైను పేరు మాత్రం మొదటి నెలలోనే కొనుక్కుని దానికి తగిలించుకోండి, రేపు ఇల్లు మారినా చిరునామా మారదు.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తేదీన బ్లాగు మొత్తాన్ని ఎగుమతి చేసి, ఫొటోలూ ఆడియోలూ విడిగా దించుకుని రెండు పెన్‌డ్రైవుల్లో దాస్తున్నాను. ఒకటి నా బీరువాలో ఉంటుంది. రెండోది సరిహద్దు అవతల పాతపట్నంలో మా అక్క ఇంట్లో, దేవుడి గదిలో పంచాంగం పక్కన ఉంటుంది.