తొమ్మిది మార్కులు చూసి గేమ్ కొన్నాను, మీరు కాస్త ఆగండి

పెద్ద కంపెనీ గేమ్ ఏదైనా ప్రీ ఆర్డర్ చేద్దామనుకుంటున్నవాళ్లు, ఇది చదివాక కార్డు బయటికి తీయండి. నేను డీలక్స్ ఎడిషన్‌కి 5,499 రూపాయలు పెట్టి దెబ్బతిన్నాను. గేమ్ పేరు, కొన్న స్టోర్ పేరు చెప్పను. చెబితే దాని అభిమానులతో గొడవే మిగులుతుంది. పైగా ఈ జబ్బు ఆ ఒక్క గేమ్‌ది కాదు.

రివ్యూలు దాదాపు అన్నీ పదికి తొమ్మిది. యుద్ధాలు బరువుగా, కసిగా ఉన్నాయని ప్రతి దాంట్లో ఒక లైన్. అంతే, ఆ ఒక్క లైనే. మిగతాదంతా కథ, గ్రాఫిక్స్, నటుల గొంతులు. నేను కొన్నదేమో కత్తులు తిప్పే గేమ్. నలభై గంటల ఆటలో ముప్పై గంటలు నరకడమే పని. ఆ ముప్పై గంటల గురించి ఒక్క లైన్ రాస్తే సరిపోతుందని ఎలా అనుకున్నారో మరి.

మొదటి ఐదారు గంటలు బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. దెబ్బ తగిలినప్పుడు బొమ్మ రెప్పపాటు ఆగుతుంది చూడండి, దాన్ని హిట్‌స్టాప్ అంటారు. దానికి మంచి శబ్దం, కంట్రోలర్ వణుకు తోడైతే దెబ్బ మన చేతికి తెలుస్తుంది. అది వీళ్లు చక్కగా చేశారు. రివ్యూల్లో 'బరువు' అన్నది దీన్నే. కానీ హిట్‌స్టాప్ తాలింపు లాంటిది. వాసన ఘుమఘుమలాడుతుంది, లోపల పప్పు ఉడికిందో లేదో చెప్పదు.

ఉడకలేదని నాకు తొమ్మిదో గంటలో తెలిసింది. డాలు పట్టుకున్న సైనికుడు ఒకడుంటాడు. మొదట్లో వాడు ఆరు దెబ్బలకు పడిపోయేవాడు. తొమ్మిదో గంటలో మళ్లీ వాడే వచ్చాడు. అదే డాలు, అవే మూడు కదలికలు, భుజం మీద ఎర్ర గుడ్డ మాత్రం కొత్తది. ఒళ్లు మండి లెక్కపెట్టాను. నార్మల్ అనే మామూలు కష్టం స్థాయిలో 17 దెబ్బలు. డిఫికల్టీ హార్డ్‌కి మార్చి, సేవ్ చేసిన చోటి నుంచే మళ్లీ ఆడాను. 38. వాడు కొత్తగా చేసిందేమీ లేదు, నేను వేరేగా ఆడాల్సిన అవసరమూ రాలేదు. చావడానికి ఎక్కువసేపు తీసుకున్నాడు, అంతే. వెనక సోఫాలో కూర్చుని చూస్తున్న మా బామ్మర్ది కాసేపాగి, "బావా, గేమ్ ఆడుతున్నావా, దుప్పట్లు ఉతుకుతున్నావా?" అన్నాడు.

ఆ సైనికుణ్ణి దాటి మెనూలోకి వెళ్తే స్టోర్ పేజీలో అనుభవం పాయింట్లు త్వరగా పెరిగే ప్యాక్, 649 రూపాయలు. 17 దెబ్బలు ఎందుకయ్యాయో నాకప్పుడు అనుమానం వచ్చింది. 2018లో అసాసిన్స్ క్రీడ్ ఒడిసీ అనే గేమ్ కూడా ఇలాంటి బూస్ట్ అమ్మి మాటలు పడింది. లెవెల్ తక్కువైతే శత్రువు చావడు, లెవెల్ పెరగాలంటే టైమ్ పెట్టాలి, లేదా డబ్బు పెట్టాలి. రివ్యూ రాసేవాళ్లు ఆడేది చాలాసార్లు విడుదలకు ముందు. అప్పటికి ఆ స్టోర్ తెరవకపోవచ్చు, ఇలాంటివి వాళ్ల కంటపడకపోవచ్చు.

ఇదంతా మా వాట్సాప్ గ్రూప్‌లో పెడితే ఒక తమ్ముడు "అన్నా, నీకు ఆడటం రాక గేమ్‌ని తిడుతున్నావ్" అన్నాడు. సెకీరో పూర్తి చేసినవాణ్ణి తమ్ముడూ. 2019 మార్చిలో వచ్చిన ఆ గేమ్‌లో జెనిచిరో అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర నాకు మూడు రాత్రులు పోయాయి, ఒక్కసారి కూడా మోసపోయానని అనిపించలేదు. ఎందుకో చెబుతాను. అందులో శత్రువుకి ప్రాణంతో పాటు పోశ్చర్ అని ఇంకో మీటర్ ఉంటుంది. వాడి కత్తి మనల్ని తాకే క్షణానికి సరిగ్గా గార్డ్ నొక్కితే ఆ మీటర్ నిండుతుంది. అది పూర్తిగా నిండితే, ప్రాణం ఎంత మిగిలున్నా ఒక్క పోటుతో వాడి పని సరి (బాస్‌లకైతే రెండోసారి, మూడోసారి కూడా పొడవాలి). భయపడి దూరంగా పోయి నిలబడితే వాడు కోలుకుంటాడు. అంటే పారిపోకు, ఎదురు నిలబడు అని ఆటే మనకు చెబుతుంది. మూడో రాత్రికి జెనిచిరో ఏమీ బలహీనపడలేదు, నా చెయ్యి కుదిరింది. ఆ గేమ్‌కి ఈజీ మోడ్ ఉండాలా వద్దా అని అప్పట్లో పెద్ద రచ్చే జరిగింది. ఉంటే నాకేం నష్టం లేదు. కానీ అది వేరే గొడవ, నా గోల కష్టం గురించి కాదు. ఆట నన్ను ఏమీ అడగకపోవడం గురించి.

డూమ్ ఎటర్నల్ అనే షూటింగ్ గేమ్ చూడండి, 2020ది. తూటాలు కావాలంటే రంపం వాడాలి, ప్రాణం కావాలంటే దగ్గరికెళ్లి చంపాలి, కవచం కావాలంటే నిప్పంటించాలి. మరాడర్ అనేవాడి కళ్లు ఆకుపచ్చగా మెరిసిన క్షణంలోనే కొట్టాలి. ఆ మరాడర్ చాలామందికి అస్సలు నచ్చలేదు, నచ్చకపోవడానికి కారణం చెప్పగలిగారు. విమర్శ అంటే నాకు అలాంటిది కావాలి. 'బరువుగా ఉంది' అంటే నాకేం అర్థమవుతుంది?

రివ్యూలు రాసేవాళ్లు డబ్బు తిన్నారని నేననను. నాలుగు రోజుల్లో నలభై గంటల గేమ్ ముగించి రాయమంటే ఎవరైనా అలాగే రాస్తారు. పైగా ఏది చూపించాలో కంపెనీలే తేలుస్తాయి. 2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 అనే గేమ్ వచ్చినప్పుడు ముందుగా ఇచ్చింది పీసీ కాపీలే, రివ్యూలో సొంత వీడియో వాడనివ్వలేదు. పాత కన్సోళ్లలో (టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ లాంటి పెట్టెల్లో) దాని అసలు రంగు కొన్నవాళ్లే చూశారు. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసింది.

ఇక రీఫండ్. నాకు ఇవ్వలేదు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే రెడీమేడ్ జవాబు. కొనేముందు మీ స్టోర్ రూల్ చదవండి. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు ఉండాలి. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెడితే, గేమ్‌లో లోపం ఉంటే తప్ప, దాదాపు ఆశ వదులుకోవాల్సిందే. ఇంకో మెలిక ఉంది. డీలక్స్ కొంటే మూడు రోజుల ముందే ఆడొచ్చని ఊరిస్తారు కదా, ఆ ముందు రోజుల్లో ఆడిన టైమ్‌ని కూడా స్టీమ్ 2024 ఏప్రిల్ నుంచి ఆ 2 గంటల్లో కలుపుతోంది. నా గేమ్‌లో మొదటి రెండు గంటలూ కట్‌సీన్లు (ఆడకుండా చూడాల్సిన కథ సీన్లు), గుర్రపు స్వారీ, ఎలా దూకాలో నేర్పడం. గట్టి యుద్ధం వచ్చేసరికి రీఫండ్ గడువు దాటిపోయి ఉంటుంది.

కాబట్టి విడుదలయ్యాక ఓ వారం ఆగండి. మాటలు లేని వీడియో ఒకటి పట్టుకోండి, అందులోనూ గేమ్ సగం దాటాక తీసింది, నార్మల్‌లో ఆడింది. మామూలు సైనికుడు ఎన్ని దెబ్బలకు పడుతున్నాడో లెక్కపెట్టండి. ఆడేవాడు వేర్వేరు బటన్లు నొక్కాల్సి వస్తోందా, ఒక్కటే బాదుతున్నాడా చూడండి. ట్రైలర్‌లో ఇది కనపడదు, అక్కడ ప్రతివాడూ రెండు దెబ్బలకే ఎగిరిపడతాడు. రివ్యూ చదివితే మార్కులు వదిలేసి, ఏ డిఫికల్టీలో ఎన్ని గంటలు ఆడారో రాశారా అని వెతకండి. రాయకపోతే నేనైతే మూసేస్తున్నాను.

మొన్న గేమ్‌కి మూడో ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) వచ్చింది, యుద్ధాలు సరిచేశామన్నారు. ఆశకొద్దీ అదే చోటికెళ్లి ఆ ఎర్ర గుడ్డవాణ్ణి మళ్లీ కొట్టి చూశాను. 16.