దాచిపెట్టిన పెట్రోలు గొట్టం: 1932 ఫోర్డ్ హాట్ రాడ్‌తో నా అనుభవం

ఈ బండి అందం గురించి నేను కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు. 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్‌కు (పైకప్పు లేని చిన్న కారు) మడ్‌గార్డులు తీసేసి, ముందు ఇరుసు కిందికి దించి, ముందద్దం పొట్టిచేసి తిప్పడం కాలిఫోర్నియాలో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నుంచీ ఉన్న పిచ్చి. ఇలా మార్చుకున్న పాత బండినే హాట్ రాడ్ అంటారు. ఆ పిచ్చి నాకూ ఉంది. నేను రాయదలచింది మాత్రం ఒకే ఒక్క భాగం గురించి. ట్యాంకు నుంచి ఇంజనుకు వెళ్లే పెట్రోలు గొట్టం. చిటికెన వేలంత లావు కూడా ఉండదు. దానిమీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇది ఎవరో తనకోసం కట్టుకుని, కొన్నాళ్లు తిరిగి అమ్మేసిన బండి కాదు. మొదటి నుంచీ అమ్మకానికే కట్టినది. కట్టినాయన పనితనాన్ని తక్కువ చేయలేను. తలుపులు వేసినప్పుడు వచ్చే చప్పుడు, బాడీ, బానెట్ రంగు మీద అల లేకుండా జారే వెలుగు, కుట్టు తప్పని తోలు సీట్లు చూస్తే చేయి తిరిగినవాడని తెలుస్తుంది. అన్నిటికంటే నన్ను పడగొట్టింది ఇంజను. చాలామంది ఇలాంటి బండిలో షెవర్లే 350 అనే వి8 ఇంజను బిగించేస్తారు. నమ్మకంగా నడుస్తుంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈయన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8నే ఉంచాడు. వాల్వులు బ్లాకులోనే ఉండి, పైమూత చదునుగా ఉండే పాతకాలపు ఎనిమిది సిలిండర్ల ఇంజను అది. 1946-48 నాటి 239 ఘనపు అంగుళాల ఇంజను, పైన పెట్రోలును గాలితో కలిపి పంపే రెండు స్ట్రామ్‌బర్గ్ 97 కార్బురేటర్లు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు అది చేసే ఆ బరువైన గురగుర కోసమే నేను డబ్బు కట్టానంటే అబద్ధం కాదు.

ఫ్లాట్‌హెడ్ అనగానే అందరూ అడిగేది వేడి గురించే. పొగ బయటికి పోయే దారులు ఈ ఇంజనులో సిలిండర్ బ్లాకు గుండానే, నీళ్ల మధ్య నుంచే వెళతాయి. దాంతో నీళ్లు వద్దన్నా కాగుతాయి. ఇంజనుకు రెండు పక్కలా చెరో నీటి పంపు ఉన్నా పాత రేడియేటరుతో ఎండాకాలం గడవడం కష్టం. కట్టినాయన ఇక్కడ పిసినారితనం చూపలేదు. మంచి రేడియేటరు, దానికి తగ్గ ఫ్యాను వేశాడు. మా ఊరు బేకర్స్‌ఫీల్డ్ ఎండల్లో, రద్దీలో కూడా ఉష్ణోగ్రత ముల్లు అదుపు తప్పలేదు. కొన్న మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ ఈ సంగతే గొప్పగా చెప్పాను.

మార్చి మొదట్లో నాన్న ఇండియా నుంచి వచ్చారు. కాలబాసస్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి ఈ బండిలోనే తీసుకెళ్లమన్నారు. మా ఊరి నుంచి లాస్ ఏంజెలెస్ వైపు వెళ్లాలంటే గ్రేప్‌వైన్ కొండ ఎక్కాలి. మైళ్ల కొద్దీ ఆగకుండా ఎగువే. ఇంజను వేడెక్కకుండా ఏసీ ఆపేయమని చెప్పే బోర్డులు మామూలు కార్లకే పెట్టి ఉంటాయి. ఆ రోజు ఎండ మార్చికి మించి కాసింది. సగం ఎక్కాక ఇంజను ఒకసారి తడబడింది, తేరుకుంది, మళ్లీ తడబడింది. యాక్సిలరేటర్ తొక్కుతున్నా ఊపు లేదు. రోడ్డు అంచుకు తెచ్చేలోపే ఆగిపోయింది. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే గాలికి బండి మొత్తం ఊగుతోంది.

ఉష్ణోగ్రత ముల్లు 185 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉంది. నీళ్లు కాగలేదు, ఆవిరి లేదు, కాలిన వాసన లేదు. బానెట్ తెరిచి చూస్తే పెట్రోలు పంపు కింద ఉండే చిన్న గాజు గిన్నెలో పెట్రోలు బుడబుడమని ఉడుకుతోంది. ఇంజను ఆగి ఉండగానే బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి లేస్తున్నాయి. నాన్న విజయవాడలో ఏళ్ల తరబడి అంబాసిడర్ నడిపిన మనిషి. తొంగి చూసి, "ఎయిర్ లాక్ పట్టిందిరా. గుడ్డ తడిపి పంపు మీద వేయి. తొందరపడకు" అన్నారు. మంచినీళ్ల సీసా ఖాళీ చేసి తువ్వాలు తడిపాను. గాజులో బుడగలు పలచబడి, తర్వాత ఆగిపోయాయి. అరగంటకు ఇంజను అందుకుంది. కొండ మీది లెబెక్ అనే చిన్న ఊరు చేరేలోపు మళ్లీ అదే తంతు, మళ్లీ అదే తువ్వాలు. గుడి తలుపులు మూసే వేళకు చేరాం. దారి పొడుగునా నాన్న ఒక్క మాట కూడా విసుక్కోలేదు, అది వేరే సంగతి.

పెట్రోలు నీళ్లలా ఒకే వేడి దగ్గర మరిగేది కాదు. అందులోని తేలికపాటి పదార్థాలు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి. చలిలో ఇంజను సులువుగా అందుకోవాలని చలికాలపు పెట్రోలులో వాటిని ఎక్కువ ఉంచుతారు. ఎండ ముదిరిన మొదటి రోజుల్లో ట్యాంకులో ఇంకా ఆ పెట్రోలే ఉంటుంది. ఇక్కడ దానికి 10 శాతం ఇథనాల్ తోడు. ఈ కాలపు కార్లలో ట్యాంకులోనే ఉన్న పంపు గట్టిగా నెడుతుంది కాబట్టి తేడా తెలియదు. ఫ్లాట్‌హెడ్‌లో పంపు ఇంజను పైన, వెనకవైపు, సరిగ్గా వేడి మధ్యలో కూర్చుని వెనక ట్యాంకు నుంచి పీలుస్తుంది. పీల్చే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, తగ్గేకొద్దీ పెట్రోలు ఇంకా త్వరగా మరుగుతుంది. పంపు ఆడుతూనే ఉంటుంది, కార్బురేటరుకు మాత్రం చుక్క చేరదు. నాన్న ఎయిర్ లాక్ అన్నది దీన్నే, ఇంగ్లీషులో వేపర్ లాక్ అంటారు.

ఇంతవరకూ పాత ఇంజను గుణం అని సరిపెట్టుకునేవాణ్ణి. ఇంటికొచ్చి బండిని స్టాండ్ల మీదికి ఎత్తి కిందికి దూరాక అసలు కోపం వచ్చింది. స్టీలు గొట్టాన్ని మెరుగుపెట్టి, ఎంతో నేర్పుగా వంచి, ఫ్రేమ్ లోపలి వైపు బయటికి కనబడకుండా బిగించాడు. దాని పక్కనే, రెండు వేళ్ల ఎడంలో, దాదాపు గజం పొడవున పొగగొట్టం! మధ్యలో రేకు ముక్క కూడా అడ్డు లేదు. ఫోన్ చేసి అడిగితే ఎంతో మర్యాదగా, "కొనేవాళ్లు ఫ్రేమ్ శుభ్రంగా కనబడాలంటారు" అన్నాడు. నేను పొగిడిన నున్నటి బానెట్ సంగతీ అంతే. కాలిఫోర్నియా ఎడారిలోని ఎల్ మిరాజ్ ఎండిన సరస్సు మీద పందేలు తోలినవాళ్లు వేడి బయటికి పోవడానికి బానెట్‌కు వరసగా చీలికలు కోసేవారు. నా బానెట్‌కు ఒక్కటీ లేదు. రంగు అద్దంలా మెరిసేది అందుకే. రంగు బాగుందన్న మాట వెనక్కి తీసుకోను కానీ, లోపల వేడి బందీ అయిందన్నది కూడా నిజం.

గొట్టాన్ని పొగగొట్టానికి దూరంగా మళ్లించి, మధ్యలో రేకు అడ్డుపెట్టించాను. ట్యాంకు దగ్గర చిన్న ఎలక్ట్రిక్ పంపు వేయించాను. వెనక నుంచి నెడితే గొట్టంలో ఒత్తిడి పెరిగి పెట్రోలు అంత త్వరగా మరగదు. దీనికి ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ తప్పనిసరి. ఒత్తిడి 3 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటితే స్ట్రామ్‌బర్గ్ కార్బురేటర్లు పొంగి పెట్రోలు ఇంజను మీద కారుతుంది. గుద్దుకుంటే పంపు దానంతటదే ఆగే స్విచ్చు కూడా పెట్టించాను. దీని మీద పైసా మిగుల్చుకోవద్దు. ఆ తర్వాత గ్రేప్‌వైన్ ఎక్కుతూ మధ్యలో ఆగింది లేదు. అయినా ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ దారి పట్టడం మానేశాను, తెల్లవారుజామునే బయలుదేరుతున్నాను. బానెట్‌కు చీలికలు కోయించడానికి మాత్రం ఇంకా మనసు రావడం లేదు.

కొనవచ్చా అని అడిగేవారికి నా జవాబు మీ దారిని బట్టి ఉంటుంది. సముద్రతీరాన చల్లటి ఊళ్లో ఉంటూ ఆదివారం పొద్దున కాసేపు తిరిగేవారికి ఈ గొట్టం గొడవ ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు. వారికి ఇంతకంటే అందమైన బండి దొరకదు. మాలా లోయలో ఉండి కొండ దాటవలసినవారు, చేతిలో ఒక గ్యారేజీ, చెప్పిన పని చేసిపెట్టే మెకానిక్కు ఉంటేనే ఫ్లాట్‌హెడ్ జోలికి వెళ్లండి, లేకపోతే షెవర్లే ఇంజనున్నది చూసుకోండి. ఏది చూసినా, ధర మాట్లాడే ముందు బండిని పైకెత్తించి పెట్రోలు గొట్టం వెంట ట్యాంకు నుంచి పంపు దాకా చేత్తో తడుముకుంటూ రండి. అమ్మేవాడు ఎత్తనివ్వకపోతే బేరం అక్కడితో ఆపేయండి.