పైన్ లిగ్నిన్, సరుగుడు లిగ్నిన్: ఏది మేలు?

పైన్, దేవదారు, స్ప్రూస్ వంటి వివృతబీజ వృక్షాల (పువ్వులు పూయకుండా, కాయలో దాగని విత్తనాలనిచ్చే చెట్ల) కలపను సాఫ్ట్‌వుడ్ అనీ, సరుగుడు, సుబాబుల్, టేకు వంటి పూచే చెట్ల కలపను హార్డ్‌వుడ్ అనీ అంటారు. గట్టిదనానికీ ఈ పేర్లకూ పొంతన తక్కువ. గోటితో నొక్కితే గుంటపడే బాల్సా కూడా హార్డ్‌వుడ్డే. పీచుకణాలను అతికి ఉంచే లిగ్నిన్‌ను చూస్తే మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది.

రెండింటిలోనూ లిగ్నిన్ పుట్టుక ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లంతోనే మొదలవుతుంది. అందులోంచి అమోనియా తొలగి సిన్నమిక్ ఆమ్లం ఏర్పడుతుంది; అది అంచెలంచెలుగా మారి పైన్‌లో కోనిఫెరైల్ ఆల్కహాల్ దగ్గర దాదాపు ఆగిపోతుంది. సరుగుడు ఇంకో అడుగు వేసి సినాపైల్ ఆల్కహాల్‌ను కూడా తయారుచేసుకుంటుంది. మొదటిదాని బెంజీన్ వలయం మీద ఒక మిథాక్సీ సమూహం (ఆక్సిజన్, కార్బన్, హైడ్రోజన్ పరమాణువుల చిన్న గుంపు) ఉంటే, రెండోదాని మీద రెండు ఉంటాయి. ఈ అణువులు కణకవచంలోకి చేరాక లాకేజ్, పెరాక్సిడేజ్ ఎంజైములు వాటిని రాడికల్స్‌గా, అంటే జతలేని ఎలక్ట్రాన్‌తో చటుక్కున చర్య జరిపే రూపాలుగా మారుస్తాయి. అవి ఒకదానికొకటి అతుక్కుంటూ, సెల్యులోజ్ మాదిరి క్రమమైన గొలుసుగా కాక, అడ్డదిడ్డంగా అల్లుకుపోతాయి.

ఈ తేడాను కంటితోనే చూడవచ్చు. పలచగా కోసిన ముక్కలను పొటాషియం పర్మాంగనేట్‌లో నానబెట్టి, కడిగి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, ఆపైన అమోనియా వేస్తే సరుగుడు ముక్క ఎర్రబడుతుంది, పైన్ ముక్క గోధుమరంగుకే పరిమితమవుతుంది.

కోనిఫెరైల్ వలయంలో అయిదో స్థానం ఖాళీగా ఉండటంవల్ల అక్కడ కార్బన్-కార్బన్ బంధాలు ఏర్పడతాయి. సినాపైల్‌లో ఆ చోటును రెండో మిథాక్సీ ఆక్రమిస్తుంది కాబట్టి ఆక్సిజన్ మీదుగా కలిపే ఈథర్ బంధాల వాటా పెరుగుతుంది. కాగితపు గుజ్జు తీసే క్రాఫ్ట్ పద్ధతిలో కలపను సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ ద్రావణంతో సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉడికించినప్పుడు తెగేవి ప్రధానంగా ఈథర్ బంధాలే, కార్బన్ బంధాలు మొండికేస్తాయి. పైగా సాఫ్ట్‌వుడ్‌లో లిగ్నిన్ పాళ్లు కూడా ఎక్కువ, బరువులో సుమారు 25 నుంచి 30 శాతం. కాబట్టి గుజ్జు తీయడానికి సరుగుడు లిగ్నినే మేలు. కోస్తా రైతుల సరుగుడు, సుబాబుల్ కాగితం మిల్లులకు చేరడం వెనుక ఈ సౌలభ్యం కూడా ఉంది. అయితే సుమారు 3 మిల్లీమీటర్ల పొడవుండే పైన్ పీచు ఇచ్చే బలం, 1 మిల్లీమీటరుకు అటూఇటుగా ఉండే హార్డ్‌వుడ్ పీచు ఇవ్వదు. సిమెంటు సంచి కాగితానికి అంత శ్రమపడి సాఫ్ట్‌వుడ్‌ను ఉడికించేది అందుకే.

లిగ్నినే సరుకైతే నా ఓటు పైన్ జాతికి. ఒకే రకం వలయం కనుక ఆక్సీకరిస్తే ప్రధానంగా వెనిలా సువాసననిచ్చే వెనిలిన్ దక్కుతుంది. హార్డ్‌వుడ్ నుంచైతే దానితోపాటు సిరింజాల్డిహైడ్ కూడా వచ్చి, రెండింటినీ వేరుచేసే పని మీద పడుతుంది. నార్వేలోని సార్ప్స్‌బోర్గ్‌లో బోరెగార్డ్ సంస్థ ఐస్‌క్రీముల్లో వాడే వెనిలిన్‌ను స్ప్రూస్ కలప నుంచే తీస్తోంది.