స్కౌట్ మాస్టరా, ఊరి యూత్ క్లబ్బా, ఎన్ఎస్ఎస్ క్యాంపులకి సాయమా... ఏది మేలు?

పిల్లలకి ఏదైనా చేద్దామనుంది గానీ ఎందులో చేరాలో తెలీట్లేదు అని ఈమధ్య మా అమలాపురం వైపు చాలామంది అడుగుతున్నారండి, వర్క్ ఫ్రమ్ హోమ్ అని వచ్చి ఊళ్ళోనే ఉండిపోయినోళ్ళు, రిటైరైన మాస్టార్లు, రొయ్యల చెరువులు చూసుకునే కుర్రాళ్ళు కూడా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. వారంలో ఒక సాయంత్రం ఖచ్చితంగా మీ చేతిలో ఉంటే స్కౌట్స్ అండ్ గైడ్స్‌ని మించింది లేదు, ఆ సాయంత్రం మీ చేతిలో లేకపోతే మాత్రం అటువైపు వెళ్ళొద్దు, మిగతావాటిలో ఏదో ఒకటి చూసుకోండి.

ఇంకో మాట, ఇందులో దేనికీ జీతం రాదు. 2019లో మన రాష్ట్రంలో 50 ఇళ్ళకొకరు అని గ్రామ వాలంటీర్లని పెట్టి నెలకి 5 వేలు ఇచ్చారు కదా, అందుకని ఊళ్ళో వాలంటీర్ అనగానే "నీకెంత ఇస్తారేంటి?" అని అరుగు మీద పెద్దోళ్ళు అడుగుతారు, ఏమీ ఇవ్వరు, పైగా యూనిఫారం కూడా మన డబ్బుతోనే కుట్టించుకోవాలి అంటే మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. దానికి సిద్ధపడే దిగండి.

ముందు స్కౌట్స్ సంగతి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబర్ 7న ఏర్పడింది, అంతకుముందు వేర్వేరుగా ఉన్న స్కౌట్ సంఘాల్ని కలిపేసి. చిన్నపిల్లలు కబ్స్, బుల్‌బుల్స్, పదేళ్ళు దాటితే స్కౌట్స్, గైడ్స్, ఇంకా పెద్దోళ్ళు రోవర్లు, రేంజర్లు. మనం పెద్దోళ్ళం చేరేది లీడర్లుగా, అంటే కబ్ మాస్టర్, స్కౌట్ మాస్టర్, గైడ్ కెప్టెన్ అని. ఊరికే పేరు రాయించుకుంటే అయిపోదు, బేసిక్ కోర్సు అని అక్కడే ఉండి చేసే ట్రైనింగ్ ఉంటుంది, కొన్నాళ్ళు ట్రూప్ (అంటే స్కౌట్ పిల్లల జట్టు) నడిపాక అడ్వాన్స్‌డ్, ఆ తర్వాత హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అని లీడర్ల ట్రైనింగ్‌లో పై మెట్టు. నాకు ఇందులో నచ్చేదే ఇది, మిగతా వాటిలో పిల్లల ముందు నిలబడటం ఎలాగో మనకెవరూ నేర్పరు, ఇక్కడ మనల్నే ముందు పిల్లల్ని చేసి టెంట్ వేయించి, వంట చేయించి, విజిల్‌కి పరిగెత్తించి అప్పుడు పంపిస్తారు.

ఇక పని జరిగే తీరు. పిల్లల్ని ఆరుగురు ఎనిమిదిమంది చొప్పున చిన్న గుంపులుగా, అంటే పెట్రోల్స్‌గా చేస్తారు, ఒక్కోదానికి వాళ్ళలోంచే ఒక లీడర్. మాస్టారు అన్నీ చెప్పేస్తే అది స్కూలే అయిపోద్ది, ఇక్కడ పెట్రోల్ లీడర్‌కి చెప్తే వాడు మిగతావాళ్ళకి చెప్తాడు. తాడుతో ముడులు వేయడం నేర్పేటప్పుడు చూడాలండి. బౌలైన్ అని ఒక ముడి ఉంది, నీళ్ళలో పడ్డవాడి నడుముకి వేసి లాగినా బిగుసుకోదు, అదే మనోళ్ళు మామూలుగా వేసే జారుముడి అయితే లాగేకొద్దీ బిగిసి ఊపిరాడనివ్వదు. తాడుతో చిన్న రింగు చేసి, కొసని కిందనుంచి రింగులోకి పైకి తెచ్చి, పొడుగు తాడు వెనకనుంచి తిప్పి మళ్ళీ అదే రింగులోకి దించి బిగించాలి. కొత్తోళ్ళకి నైలాన్ తాడు ఇస్తే జారిపోతా ఉంటుంది, కొబ్బరి పీచు తాడు ఇవ్వండి, గరుగ్గా ఉంటుంది కాబట్టి పట్టు తొందరగా దొరుకుతుంది. గోదావరి లంకల్లో పడవ నడిపేవాళ్ళ పిల్లలుంటే మాత్రం మీరు నోరు మూసుకుని పక్కన కూర్చోండి, వాళ్ళ చేతులు మనకన్నా వేగంగా తిరుగుతాయి, క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో ఉండేవాడు ఆ పూట అందరికీ మాస్టారైపోతాడు. నేను స్కౌట్స్ వైపు మొగ్గడానికి సగం కారణం ఇదే.

ఇబ్బందులు లేవా అంటే బోలెడున్నాయి. ట్రూపులు ఎక్కువ స్కూళ్ళలోనే నడుస్తాయి, హెడ్‌మాస్టర్ గారు ఒప్పుకోవాలి, బయటోడు వచ్చి నేను చేస్తానంటే "వీడికేం పని?" అని అనుమానంగా చూస్తారు (అలా చూడటమే మంచిది లెండి). కొన్నిచోట్ల ట్రూపు కాగితం మీదే ఉంటుంది, ఆగస్టు 15కి స్కార్ఫులు కట్టి నిలబెట్టడం తప్ప ఇంకేం జరగదు. అందుకని చేరేముందు ఒక మామూలు వారం వెళ్ళి చూడండి, జెండా పండగ రోజు కాదు. స్కూల్‌తో సంబంధం లేకుండా నడిచే ఓపెన్ ట్రూపు దగ్గర్లో ఉంటే ఇంకా మేలు. ఆడపిల్లల గైడ్స్‌కైతే కెప్టెన్ ఆడవాళ్ళే ఉండాలి, మా వైపు ఎనిమిదో తరగతి దాటాక అమ్మాయిని క్యాంపుకి పంపాలంటే అమ్మలు ముందు అడిగేది కూడా "మేడమెవరు వస్తున్నారు?" అనే, కాబట్టి ఇది చదివే ఆడవాళ్ళెవరైనా ఉంటే మీ అవసరం మగాళ్ళకన్నా ఎక్కువుంది.

టెన్త్ పిల్లల తల్లిదండ్రులకి సర్టిఫికెట్ భాష తప్ప ఎక్కదు కాబట్టి అది కూడా చెప్తా. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది, దానికి రాష్ట్రపతి అవార్డో, హిమాలయ వుడ్ బ్యాడ్జో ఉండాలి. అది చూపించి పిల్లల్ని లాగండి, తప్పులేదు.

ఇప్పుడు యూత్ క్లబ్. 1972 నుంచి కేంద్ర ప్రభుత్వపు నెహ్రూ యువ కేంద్రాలు ఊరూరా యూత్ క్లబ్బుల్ని నడిపించాయి, 2023 అక్టోబర్ 31న మేరా యువ భారత్ అని కేంద్రం కొత్త సంస్థ పెట్టింది, 15 నుంచి 29 ఏళ్ళవాళ్ళకి. మీకు 29 దాటితే అందులో మీరు యువత కాదు, వెనక ఉండే అన్నయ్యో, బాబాయో అన్నమాట. దీనిలో సుఖం ఏంటంటే టైము మీ ఇష్టం. సంక్రాంతికి కబడ్డీ పోటీలు, రక్తదానం, నీళ్ళు ఆపి కాలవలు కట్టేసినప్పుడు పూడిక తీత, ఎప్పుడు కుదిరితే అప్పుడు చేస్తారు. తలనొప్పి కూడా అక్కడే ఉంది. మా వైపు యూత్ అంటే ఒక హీరో ఫ్యాన్సు, ఒక పార్టీ, ఒక్కోచోట ఒకే పేట కుర్రాళ్ళు. మీరు వాలీబాల్ నెట్ కొనిచ్చి రెండ్రోజులు తిరక్కుండానే సెంటర్‌లో ఫ్లెక్సీ మీద మీ ఫొటో పడిపోద్ది, ఎవరి పక్కన పడిందో చూసుకునేలోగా అవతల పేట పిల్లలు రావడం మానేస్తారు. అన్ని పేటల కుర్రాళ్ళూ ఒకే గ్రౌండ్‌లో ఆడే ఊరు మీదైతే నిరభ్యంతరంగా దీన్నే ఎంచుకోండి, అలాంటి ఊళ్ళూ ఉన్నాయి.

ఎన్ఎస్ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీమ్, స్టూడెంట్లతో ఊళ్ళల్లో సేవ చేయించేది) గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 1969లో మొదలైంది, స్టూడెంట్ రెండేళ్ళలో 240 గంటలు చెయ్యాలి, ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఉంటుంది. ప్రోగ్రాం ఆఫీసర్‌గా ఉండేది కాలేజీ లెక్చరరే, మనం బయటినుంచి గెస్టులం. మీరు నర్సో, అగ్రికల్చర్ ఆఫీసరో అయ్యి ఏడాదికి ఒకట్రెండు రోజులే ఇవ్వగలిగితే దీనికన్నా తేలిక ఇంకోటి లేదు, ప్రోగ్రాం ఆఫీసర్ గారికి ఒక ఫోన్ కొడితే సంతోషంగా పిలుస్తారు. కాకపోతే ఆ పిల్లల్ని మళ్ళీ చూస్తారని అనుకోకండి. ఎన్‌సీసీ అయితే ఆఫీసర్‌గా ఉండాలంటే ఆ స్కూల్లోనో కాలేజీలోనో పాఠాలు చెప్పేవాళ్ళై ఉండాలి కాబట్టి మనకి దారే లేదు.

వరదల టైములో సాయం చేద్దామని చాలామంది ఉత్సాహపడతారు, ఇది ఏ సంస్థకైనా ఒకటే. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చాక పద్దెనిమిది నిండని పిల్లల్ని కాజ్‌వే దగ్గరికి కూడా రానివ్వకండి. పునరావాస కేంద్రంలో భోజనాల దగ్గర, ముసలోళ్ళ మందుల లిస్టు రాసే దగ్గర వాళ్ళకి కావలసినంత పని ఉంటుంది.

అలాగే ఏ సంస్థలోనైనా పిల్లతోగానీ పిల్లాడితోగానీ మీరొక్కరే గదిలో ఉండొద్దు, రెండో పెద్దమనిషి ఉండాల్సిందే, మెసేజులు తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టండి. పిల్లలు ఏదైనా లైంగిక వేధింపు గురించి చెప్తే "ఇంట్లో మాట్లాడదాం" అని నానబెట్టకూడదు, పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, దారి తెలీకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి. ఈ రూల్స్ గురించి అడిగితే విసుక్కునే చోట అసలు చేరకండి.

రొయ్యల చెరువులున్న తమ్ముళ్ళకి స్కౌట్ మాస్టర్ పని కుదరదు, కరెంటు పోతే చెరువు నీళ్ళకి గాలి ఆడించే ఏరేటర్ల దగ్గరికి పరిగెత్తాలి కదా. మాస్టర్ రాని ట్రూపు రెండు వారాల్లో క్రికెట్ టీమైపోద్ది. మీరు క్యాంపులకి సాయంగా వెళ్ళండి, బండి, గ్యాస్ స్టవ్, వంట సామాను ఎవరిస్తారా అని వాళ్ళు ఎదురు చూస్తుంటారు. రిటైరైన మాస్టార్లు, ఇంటినుంచి పనిచేసేవాళ్ళు మాత్రం స్కౌట్సే చూడండి. జూన్‌లో మొదలుపెడితే స్కూళ్ళు తెరిచిన హడావిడి, జూలై ఆగస్టుల్లో వరద సెలవులు, ఏదీ కుదురుగా సాగదు, మార్చికి పరీక్షలొచ్చేస్తాయి. దసరా సెలవులు అయిపోయిన వారమే హెడ్‌మాస్టర్ గారిని కలవండి, సంక్రాంతి సెలవులు పోనూ ఫిబ్రవరి దాకా మంచి టైము దొరుకుతుంది.