కిరాయికి తెచ్చిన వ్యాక్ మెషిన్: మెషిన్‌కు 4 స్టార్లు, షాపుకు 2, డ్రెస్సింగ్ పిల్లగానికి 5

మా బాపుకు 64 ఏండ్లు, షుగర్ 15 ఏండ్ల సంది ఉన్నది. పరకాల దిక్కు మా ఊర్ల సంక్రాంతి అయినంక పత్తి కట్టె పీకుతుంటే మోడు ఒకటి చెప్పు పక్కనుంచి పాదంల దిగింది, షుగరోల్లకు కాళ్లు మొద్దుబారి ఉంటయి కదా ఆయనకు నొప్పే తెల్వలే, పసుపు పెట్టుకోని రెండు వారాలు తిరిగిండు. శివరాత్రికి నేను పొయ్యి చూసేసరికి వాసన. హన్మకొండల మా ఇంటికి తీస్కచ్చినం. ఒక క్లినిక్‌ల చీము తీసి, వ్యాక్ డ్రెస్సింగ్ (పుండుల నీరును మెషిన్‌తోని గుంజే కట్టు) పెట్టుకుంటే జల్ది మానుతది, మెషిన్ కిరాయికి దొరుకుతది అని షాపు నంబర్ రాసిచ్చిన్రు.

షాపు పేరు రాయను. సర్జికల్ సామాన్ల షాపు, మంచాలు ఆక్సిజన్ సిలిండర్లు వీల్ చైర్లు అన్నీ కిరాయికిస్తడు. ఫోన్ చేస్తే రెండు మాటలల్ల ముగించిండు: మెషిన్ రోజుకు 600, డ్రెస్సింగ్ కిట్ ఒకటి 2,800, డిపాజిట్ 10 వేలు, మూడు రోజులకోసారి మార్చాలె, పిల్లగాన్ని పంపిస్త. పేషెంట్‌కు ఏమున్నది, కాలికి స్కాన్ తీసిన్రా, రక్తం పల్చబడే గోలీలు వాడుతున్నడా, ఒక్క ముచ్చట అడగలే. వీల్ చైర్ ఇచ్చినట్టే ఇచ్చిండు.

వచ్చిన తమ్మికి పాతికేండ్లు కూడ ఉండయి. మెషిన్ మూలకు పెట్టి, గ్లౌజ్ ఏసుకోని, ముందుగాల బాపు పాదం మీద రెండు వేళ్లు పెట్టి కూసున్నడు. ఎంతసేపంటే నాకు ఇసుగొచ్చింది. చీలమండ ఎనుక చూసిండు, మల్ల రెండో కాలు చూసిండు. "అక్కా, ఈ కాల్ల నాడి దొరుకుతలేదు, పాదం సల్లగున్నది, రక్తం మంచిగ పోతలేనట్టున్నది. పుండు అంచుకు నల్లగ ఎండిన కండ గూడ ఉన్నది. దీనికి ఇప్పుడు మెషిన్ పెట్టొద్దు, ముందు రక్తనాళాల డాక్టర్‌కు చూపియ్యున్రి" అన్నడు. అన్నంక జర ఆగి, "నేను చెప్పిన్నని షాపుల అనకున్రి" అన్నడు. వాడు గా మాట చెప్పకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించదల్చుకోలే.

ఆ రక్తనాళాల డాక్టర్ (వాస్కులర్ సర్జన్) దగ్గర కాలికి డాప్లర్, అంటే రక్తం పారుడు చూసే స్కాన్, తీసిన్రు, బొటనవేలికి చిన్న బీపీ పట్టీ కట్టి ప్రెజర్ చూసిన్రు. 28 వచ్చింది. 30 కన్నా తక్కువుంటే పుండు మానుడు కష్టమంట. మామూలుగ చీలమండ కాడి బీపీని చేతి బీపీతోని భాగిస్తరు, 0.9 కన్నా తక్కువస్తే కాలికి రక్తం తక్కువ పోతున్నట్టు లెక్క, కానీ షుగరోల్లకు నాళాలు సున్నం పట్టి గట్టిపడ్తయి కాబట్టి పట్టీ ఎంత బిగించినా నొక్కుకపోవు, లెక్క మంచిగున్నట్టు అబద్ధం చూపెడ్తది, అందుకే వేలు దగ్గర చూస్తరు. మోకాలు కింద రెండు నాళాలు మూసుకపోయినయి.

బాపు కాలు తీసేస్తరేమో అని మంచం దిగనన్నడు. అప్పుడు డాక్టర్ ఒక కథ చెప్పిండు. 1964ల అమెరికాల పోర్ట్‌ల్యాండ్‌ల ఒక 82 ఏండ్ల ముసలామెకు పాదం కుళ్లిపోతే కాలు తీసేయాలన్నరంట, ఆమె సస్తె ఒప్పుకోలే. చార్లెస్ డాటర్ అనే డాక్టర్, సర్జన్ గూడ కాదు ఎక్స్‌రేలు చూసేటాయన, తొడకాడి నాళంల నుంచి గొట్టాలు ఒకదాని మీద ఒకటి తోలి మూసుకపోయిన జాగ తెరిచిండు. ఆమె తన కాళ్ల మీదనే నడిచింది. నాళంల ఉబ్బించి తెరిచే బెలూన్ అనేది 1974ల గ్రుంట్‌జిగ్ అనే డాక్టర్ వచ్చినంక గానీ రాలే. బాపు అంతా విని, "ముసల్దే ఒప్పుకోలే, నేనెందుకు ఒప్పుకుంట, ఆ గొట్టమేదో నాకూ తోలు" అన్నడు. బెలూన్ పెట్టిన్రు. వేలు ప్రెజర్ 52కు వచ్చింది, పాదం ముట్టుకుంటే వెచ్చగున్నది. ఇన్ఫెక్షన్ ఎముక దాకా పోలేదని ఎంఆర్ఐ తీసి చూసుకున్నరు, నల్లగైన కండ కోసేసిన్రు, చిటికెన వేలు కూడ పోయింది. ఆ తర్వాతనే మెషిన్ పెట్టుకోమన్నరు.

ఇగ మెషిన్ సంగతి. లంచ్ బాక్స్ అంత ఉంటది, పక్కకు ఒక డబ్బా, దాంట్లకు ట్యూబు. పుండుల నల్ల స్పాంజి కోసి పెడ్తరు, పైన పారదర్శకం స్టిక్కర్ అతికించి, స్టిక్కర్‌కు చిన్న బొక్క చేసి ట్యూబు అంటిస్తరు. స్విచ్ ఏస్తే స్పాంజి ఎండుద్రాక్ష లెక్క ముడుచుకపోతది, అది మీరు చూడాలె. నీరు గుంజుతది, వాపు తగ్గిస్తది, పుండు అంచులను లోపలికి లాగుతది. గుంజే ప్రెజర్ మామూలుగ మైనస్ 125 మీద పెడ్తరు, ఆ లెక్క ఎక్కడిదంటే 1997ల అర్జెంటా, మోరిక్వాస్ అనేటోల్లు పందుల పుండ్ల మీద చూసి రాసిందంట, ఆ ప్రెజర్ కాడ రక్తం ఎక్కువ పారిందని. మా బాపుకు మాత్రం డాక్టర్ 100కు తగ్గించిండు, రక్తం అంతంతే పోయే కాలు కాబట్టి. ఆస్పత్రిల పక్క మంచంమీద బైపాస్ అయిన ఒకాయన ఉండె, ఛాతి ఎముక కాడ ఇన్ఫెక్షన్ అయితే ఆయనకు రొమ్ము మీద ఇదే మెషిన్ పెట్టిన్రు. నాకు చూస్తేనే కడుపుల తిప్పింది, ఆయన మాత్రం ఫోన్‌ల క్రికెట్ చూస్తున్నడు.

మల్ల అదే తమ్మిని అడిగి పిలిపించుకున్నం. పని ఎట్ల చేస్తడంటే, పాత స్పాంజి గుంజి పీకడు, సెలైన్ పోసి నానబెట్టి 15 నిమిషాలు ముచ్చట పెట్టుకుంట కూసుంటడు. లోపల ఎన్ని ముక్కలు పెట్టిండో స్టిక్కర్ మీద పెన్నుతోని రాస్తడు, "2" అని, వచ్చేసారి రెండూ బయటికొచ్చినయా అని లెక్కపెడ్తడు, ఒక ముక్క లోపలుండిపోతే దానిమీదికెల్లి కండ పెరుగుతదంట. వేళ్ల సందులల్ల స్టిక్కర్ పట్టదు, గాలి లీకై కుయ్ కుయ్ మని అలారం, వాడు సన్నగ ముక్కలు కత్తిరించి సందు సందుల అతికించేటోడు. బెలూన్ అయినంక బాపు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనే రక్తం పల్చబడే గోలీల మీద ఉన్నడు కాబట్టి నాకు ఒకటే చెప్పిండు, ట్యూబుల ఎర్రటి పచ్చి రక్తం పారితే ఫోన్ చెయ్యకు, మెషిన్ బంజేసి గట్టిగ ఒత్తిపట్టి దవాఖానకు ఉరుకున్రి అని.

షాపుకు రెండు స్టార్లు ఎందుకంటే బ్యాటరీ. 8 గంటలు వస్తదని చెప్పిండు, ఏప్రిల్‌ల గాలిదుమారం వచ్చి రాత్రి కరెంట్ పోతే రెండున్నర గంటలకు సచ్చింది. రెండు గంటలకంటె ఎక్కువ బందుంటే ఆ డ్రెస్సింగ్ తీసెయ్యాలె, లేకపోతే మూసిన స్పాంజిల చీము పడ్తది. రాత్రి ఒంటిగంటకు షాపాయన ఫోన్ ఎత్తలే. మా ఇంటాయన బండిమీద పొయ్యి దోస్తు ఇంట్లకెల్లి ఇన్వర్టర్ బ్యాటరీ మోస్కచ్చిండు. తెల్లారి అడిగితే "పాత పీస్ అక్కా" అంటడు, మరి కిరాయి మాత్రం కొత్త పీస్‌ది.

28 రోజులు, 10 డ్రెస్సింగ్‌లు, తమ్మికి ఒక్కోసారి 500 కలిపి దగ్గర దగ్గర 50 వేలు అయినయి. మా ఆరోగ్యశ్రీ కార్డు ఆస్పత్రి లోపలి ఖర్చుకే పనిచేసింది, ఇంటికాడి కిరాయి మొత్తం మన జేబుల నుంచే. వేలంత లోతున్న పుండు పైకి నిండి ఎర్రగ దానిమ్మ గింజల లెక్క అయింది, ఇప్పుడు రూపాయి బిళ్లంత మిగిలింది, మామూలు డ్రెస్సింగ్ చేస్తున్నం. మెషిన్‌కు స్టార్ ఒకటి ఎందుకు తగ్గించిన్నంటే ఆ అలారానికి, ఇంట్ల ఎవరికీ నెలరోజులు నిద్రలేదు.

డిపాజిట్‌ల 1,500 ట్యూబు గీతలు పడ్డయని పట్టుకున్నడు, ఇంకా ఇయ్యలే. మెషిన్ వాపస్ పోయిన రాత్రి బాపు రెండుసార్లు లేచి కూసున్నడు. ఏమైంది బాపు అంటే, "ఏంలేదు బిడ్డా, సప్పుడు లేదు, కరెంట్ పోయిందనుకున్న" అన్నడు.