పాత మియాటా కొనాలా, పాత బాక్‌స్టర్ కొనాలా?

రెండూ పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కార్లే. 1989లో వచ్చిన తొలి తరం మాజ్డా మియాటా ఒకటి, 1996లో వచ్చిన పోర్షే బాక్‌స్టర్ 986 ఇంకొకటి.

నడపడంలో: మియాటా బరువు సుమారు 950 కిలోలు, మొదట్లో వచ్చిన ఇంజిన్ 1.6 లీటర్లు. తిన్నటి రోడ్డు మీద మామూలు కార్లే దాటిపోతాయి, మలుపుల్లో మాత్రం నవ్వు ఆగదు. బాక్‌స్టర్‌లో ఆరు సిలిండర్ల ఇంజిన్ (మొదట్లో 2.5 లీటర్లు) సీట్ల వెనకే ఉంటుంది. ఆ మోత కోసమే కొనేవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టలేం.

శ్రమలో: మియాటా బానెట్ ఎత్తితే దాదాపు అన్నీ చేతికందుతాయి. బాక్‌స్టర్‌లో ఇంజిన్ కనిపించాలంటేనే మూతలు విప్పాలి.

ఖర్చులో: బాక్‌స్టర్ చవగ్గా దొరకొచ్చు. విడిభాగాలు మాత్రం పోర్షే ధరకే వస్తాయి!

రిస్కులో: అసలు తేడా ఇక్కడే. మియాటాకు శత్రువు తుప్పు. పైకప్పు నీళ్లు పోయే రంధ్రాలు పూడుకుపోతే తలుపుల కింది రేకు లోపలినుంచే తినేస్తుంది. కొనేముందు అక్కడ వంగి చూడండి, కొత్త పెయింట్ ఉంటే ఇంకా అనుమానించండి. బాక్‌స్టర్‌కు గండం ఐఎమ్‌ఎస్ బేరింగ్, అంటే ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసును మోసే బేరింగ్. అన్ని కార్లలోనూ పోదు, పోతే మాత్రం ఇంజినే పోతుంది. క్లచ్ మార్చేటప్పుడు గేర్‌బాక్స్ ఎలాగూ దింపుతారు కాబట్టి ఈ బేరింగ్‌నీ అప్పుడే మార్పించుకోవడం తెలివి.

స్పానర్ పట్టడం ఇష్టమైతే, ఉన్న డబ్బంతా కారు కొనడానికే సరిపోతే మియాటా. నమ్మకమైన మెకానిక్ ఉండి, రిపేర్లకు విడిగా డబ్బు దాచగలిగితే బాక్‌స్టర్. రోజూ ఆఫీసుకు ఇదొక్కటే దిక్కయితే రెండూ వద్దు.