హన్మకొండ సమ్మర్ ఎగ్జిబిషన్: రైడ్లకు సగం మార్కులే, జంపఖానాల స్టాల్‌కు మాత్రం ఫుల్

మొదలే చెప్తున్న, పొద్దు మునిగినంకనే పోండ్రి. గేటు నాలుగింటికే తెరుస్తరు కానీ మే నెలల మన దిక్కు నాలుగంటే ఇంకా మిట్టమధ్యాహ్నమే, ఆ రేకుల కింద స్టాల్స్ పెనం లెక్క కాలుతుంటయి, స్టాలోళ్లే సగం మంది కునుకు తీస్తుంటరు. హైదరాబాద్ నుమాయిష్ (1938ల మొదలైంది అది) జనవరి చలిల పెడ్తరు కాబట్టి ఎంతసేపు తిరిగినా నడుస్తది, మన దగ్గర పిల్లల సెలవులు చూసుకొని ఎండల పెడ్తరు, ఏం చేస్తం. మేం ఆదివారం ఆరున్నరకు చేరినం, అప్పటికే టికెట్ల లైను రోడ్డు మీదికొచ్చింది. వేరే రోజు వీలైతే ఆదివారం జోలికి పోకుండ్రి.

ఎంట్రీ 70 రూపాయలు, మూడేండ్లు దాటిన పిల్లలకు గూడ అంతే. పరకాల నుంచి బస్సుల వచ్చినం కాబట్టి నాకు, అత్తమ్మకు, బిడ్డకు మహాలక్ష్మి (ఆడోళ్లకు ఫ్రీ బస్సు) జీరో టికెట్, మా ఆయనకూ కొడుక్కే పైసలు. సరే ఖర్చు తక్కువల అయితుందిలే అనుకున్నం గానీ అసలు ఖర్చు లోపల ఉన్నది.

జెయింట్ వీల్ మనిషికి 100. తిరిగే టైం కంటే ఎక్కించుకునుడు దించుడుకే ఎక్కువ టైం పడ్తది. అది గూడ ఓర్సుకుంటం, కానీ మేం కూసున్న డబ్బా తలుపుకు గొళ్లెం సరిగ్గ పడ్తలేదు, అడిగితే ఆ పోరడు "ఏం కాదక్కా" అనుకుంటనే ఇనుప తీగ తెచ్చి చుట్టిండు! పిల్లల్ని తీసుకొని వెంటనే దిగిన. పైసలు వాపస్ ఇయ్యమంటే ఇయ్యలే, ఆ టికెట్ల మీదనే కొలంబస్ (ఊగే పడవ) ఎక్కమన్నడు. ఎక్కే ముందు గొళ్లెం మీరే చెయ్యి పెట్టి గుంజి చూడుండ్రి, ఎవ్వల మాట నమ్మకుండ్రి. చిన్న పిల్లల రైలుబండి 60, దానికి వంక పెట్టేదేం లేదు.

తిండి సంగతి షరా మామూలే. ఢిల్లీ అప్పడం పళ్లెమంత ఉంటది, మీద కారం మసాలా చల్లి ఇస్తడు, 50 రూపాయలు, రెండు కొంటే ఇంటిల్లిపాదికి అయిపోతది. మంచూరియా జోలికి పోకుండ్రి, కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాపుతున్నరు, వాసనకే తెలిసిపోతది. మంచినీళ్ల నల్లా ఎక్కడా కనవడలే, 20 రూపాయల బాటిల్‌కు 30 అడిగిండు. బాటిల్ మీద రాసిన రేటు కంటే ఎక్కువ తీసుకోవద్దు గద అన్న, 1915కు ఫోన్ చేస్తా అన్న (కన్స్యూమర్ హెల్ప్‌లైన్ అది, ఫోన్ల సేవ్ చేసి పెట్టుకోండ్రి), సప్పుడు చేయకుండ 20కే ఇచ్చిండు. నా ఎన్కున్నోళ్లకు మళ్ల 30కే అమ్మిండు, అది వేరే ముచ్చట. ఇగ బాత్రూంల సంగతైతే అడగకుండ్రి, ఇంట్లనే చూసుకొని బయలెల్లుండ్రి.

ఇప్పుడు మంచి ముచ్చట. లాస్టు వరసల, జనరేటర్ లొల్లి పక్కన, మన కొత్తవాడ జంపఖానాల స్టాల్ ఉన్నది. వరంగల్ దర్రీలకు (జంపఖానాలనే అట్ల అంటరు) 2018ల జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి ప్రత్యేక సరుకన్న గుర్తింపు, వచ్చిందని బోర్డు గూడ పెట్టిండు, అయినా ఆడ ఈగలు తోలుకుంటున్నడు పాపం, ముందట హర్ ఏక్ మాల్ ప్లాస్టిక్ సామాన్ల కాడనేమో కాలు పెట్ట సందు లేదు. అత్తమ్మ పోంగనే ఒకటి తీసి తిరగేసింది. నేతల వచ్చిన డిజైనైతే రెండు దిక్కులా ఒక్క తీరే కనవడ్తది, అద్దకం డిజైనైతే ఎన్క దిక్కు ఎలిసిపోయినట్టు ఉంటది, ఆమె చూసేది అదే. ఆ తాత గూడ ఇది తెలిసినామె అనుకున్నట్టున్నడు, లోపల మూట ఇప్పి మంచివి తీసిండు. చేతిమగ్గం మీద నేసిన నూలుది, ముదురు ఎరుపు నీలం చారలు, 1600 చెప్పి 1300కు ఇచ్చిండు. ఇంక తగ్గించమని నేనంటే అత్తమ్మనే నన్ను కోప్పడ్డది. పక్క స్టాల్ల చపాట మిర్చి కారం తీసుకున్న, చూడ చూడ ఎర్రగుంటది గానీ మంట తక్కువ, పిల్లల కూరలకు బాగుంటది.

మౌత్ కా కువా (బావి లెక్క గుండ్రటి గోడ మీద బైక్ తోలే ఆట) మాత్రం ఇడిసిపెట్టకుండ్రి. చెక్క గోడ మీద బైక్ అడ్డంగ తిరుగుతుంటే మనం నిలవడ్డ పలకలు గూడ గజగజ ఊగుతయి. స్పీడ్ ఉన్నంతసేపే టైర్లకు గోడ పట్టు దొరుకుతది, స్పీడ్ తగ్గితే కిందికి జారుడే, మావోడు బళ్లె చదివింది నాకు అక్కడ చెప్పుకుంట చూసిండు. బైకాయన రెండు చేతులు ఇడిసి మా బిడ్డ చేతిల పది రూపాయల నోటు గుంజుకపోయిండు, అది కిలకిల నవ్వుడు, అత్తమ్మ కండ్లు మూసుకొని రాముణ్ణి తలుసుకునుడు. హెల్మెట్ లేదు ఆయనకు, అది మాత్రం మనసుకు పట్టలే.

ఒకటి యాదుంచుకోండ్రి, జంపఖానా పోయేటప్పుడు కొనుక్కోండ్రి. మేం ముందే కొన్నం, మా ఆయన అది భుజం మీదేసుకొనే మౌత్ కా కువా మెట్లన్నీ ఎక్కిండు.